ఊరేగింపు కారుకి క్లచ్చు

మా బాబాయి ఎడమ మోకాలు బాగుండి ఉంటే ఈ గొడవంతా ఉండేది కాదు. కుర్రతనంలో చెడుగుడు ఆడుతూ విరగ్గొట్టుకున్నాడట. అతుక్కుంది గానీ పూర్తిగా దారికి రాలేదు. నడుస్తుంటే తెలీదు. పీట మీంచి లేచేటప్పుడు తెలుస్తుంది, మేడమెట్లు ఎక్కేటప్పుడు తెలుస్తుంది, కారు క్లచ్చు తొక్కేటప్పుడు తెలుస్తుంది. పీటనీ మెట్లనీ తప్పించుకోవచ్చు. క్లచ్చుని తప్పించుకోలేడు. ఆయన కారు తోలే మనిషి.

ఇదంతా జరిగి ఎన్నో ఏళ్ళు కాలేదు. పెట్రోలు ధర ఒక్కసారిగా పెరిగిపోయి, కార్లున్నవాళ్ళు కూడా బస్సుల కోసం నిలబడడం మొదలుపెట్టిన రోజులు. నేను మద్రాసులో పుట్టి పెరిగినదాన్ని. టెలిఫోన్ ఆపరేటరు ఉద్యోగం తెనాలి ఎక్స్‌ఛేంజిలో వస్తే, ఒక ట్రంకు పెట్టెతోనూ దానికి రెట్టింపు కోపంతోనూ బాబాయి ఇంట్లో దిగాను. బస్సు ఆలస్యమైతే కోపం, కరెంటు పోతే కోపం, "ఏమ్మా, పెళ్ళయిందా?" అని ఎవరైనా అడిగితే మరీ కోపం. డ్యూటీలో ఉన్నంతసేపూ చెవికి ఫోను తగిలించుకునే ఉంటానా, డ్యూటీ దిగాక కూడా ఎక్కడ ఫోను కనిపిస్తే నా చెయ్యి అక్కడికే పోయేది. మా పక్కనే రైసుమిల్లు ఆఫీసులో ఒక ఫోను ఉండేది. నేను ఇంట్లో లేకపోతే పిన్ని నేరుగా అక్కడికే వచ్చేది.

"ఆ ఫోనుకే నిన్నిచ్చి చేసేస్తే సరిపోద్దే. మాకు సంబంధాలు చూసే పని తప్పుద్ది," అనేది గుమ్మంలో నిలబడి. గుమాస్తాలు నవ్వేవాళ్ళు. నాకు మళ్ళీ కోపం.

బాబాయి కారుని చుట్టుపక్కల ఊళ్ళల్లో ఎరగనివాళ్ళు లేరు. టాపు వెనక్కి మడిచే పాత ఇంగ్లీషు కారు. ఎవరో జమీందారు గారి వారసులు వదిలించుకుంటుంటే కొన్నాడు. మామూలు రోజుల్లో పాకలో గుడ్డ కప్పుకుని పడుకునేది. ముహూర్తాలు వచ్చాయంటే దానికి ఊపిరి తీసుకునే తీరిక ఉండేది కాదు. ఇటు రేపల్లె దాకా, అటు బాపట్ల దాకా పెళ్ళి ఊరేగింపు అంటే ఆ కారే. పిన్ని దానికి పూలు కట్టేది. వెనక సీటు మీద దిండ్లు వేసి పెళ్ళికొడుకునీ పెళ్ళికూతుర్నీ ఎత్తుగా కూర్చోబెట్టేవాళ్ళు. ముందు సన్నాయి, డోలు. వాటి వెనకాల బాబాయి, తెల్ల చొక్కా వేసుకుని, మెడ తిప్పకుండా.

ఆ పని చూడ్డానికి తేలిక. మొదటి గేరులో పెట్టినా కారు మనిషి నడక కన్నా జోరుగానే పోతుంది. సన్నాయి వాళ్ళేమో మనిషి నడక కన్నా మెల్లగా పోతారు. నాలుగడుగులు వేసి ఆగి ఊదుతారు. మళ్ళీ రెండడుగులు. అందుకని బాబాయి క్లచ్చుని సగం తొక్కి సగం వదిలి, ఆ సగంలోనే కాలు నిలబెట్టి, వీధులకి వీధులు కారుని పాకించాలి. కుదుపు వస్తే పెళ్ళికూతురు ముందుకి తూలుతుంది. కారుకి కుదుపు రాదన్నదే ఆయనకున్న పేరు.

పాత ఇంజనుకి అది సరిపోయేది. సరిపోనిది వంతెనల దగ్గర. మా డెల్టాలో కొండలు లేవు గానీ ప్రతి కాలవ మీదా ఒక వీపు ఎత్తిన వంతెన ఉంది. పెళ్ళివారిని ఎక్కించుకుని వంతెన ఎక్కాలంటే వెనకాలవాళ్ళు దిగి నడవాలి. పట్టుచీరలు ఎత్తిపట్టుకుని ముత్తైదువలు వంతెన ఎక్కుతుంటే ముందు ఖాళీ కారు ఆయాసపడుతూ పోవడం నేను కళ్ళారా చూశాను. చివరికి ఒక ఎండాకాలం ఆ ఇంజను పూర్తిగా చేతులెత్తేసింది.

నందివెలుగు రోడ్డులో షెడ్డున్న మేస్త్రీ బాబాయికి చిన్నప్పటి స్నేహితుడు. చుట్టరికం ఏమీ లేకపోయినా "బావా" అని పిలుస్తాడు. ఆ లెక్కన నేను కోడలు పిల్లని. తనకి తెలియని ఇంజను ఈ జిల్లాలో లేదని ఆయనే చెప్పుకుంటాడు, అడక్కపోయినా. ఎక్కడో పాడైన వ్యాను లోంచి డీజిల్ ఇంజను ఒకటి తెచ్చి, చాసీ చట్రం కోసి, అతికి, కొత్త బిగింపులు చేసి కార్లో కూర్చోబెట్టాడు.

"ఇక చూస్కో బావా. ఇది ఇంజను కాదు, ఎద్దుల జత. పాతదానికి రెండింతలు లాగుద్ది."

లాగింది. మిల్లులో బియ్యం బస్తాలు వేసుకుని పరీక్షకని బాబాయీ, మేస్త్రీ, నేనూ రేపల్లె రోడ్డు మీద బయల్దేరాం. తెనాలి దాటేదాకా బాబాయి మొహం వెలిగిపోతూనే ఉంది. వేమూరు దాటాక ఒక వంతెన వచ్చింది. బాబాయి పెడలు నొక్కాడు. ఇంజను గొంతు పైకి లేచింది. కారు మాత్రం లేవలేదు. ఇంజను అరుస్తోంది, కారు మెల్లబడుతోంది, కాళ్ళ కిందనించి జుట్టు కాలిన వాసన.

"క్లచ్చు జారిపోతోంది," అన్నాడు మేస్త్రీ, తనకేమీ సంబంధం లేనట్టు.

"రెండింతలు లాగుద్దన్నారుగా మేస్త్రీ గారూ?"

"ఇంజను లాగుతోందమ్మా. క్లచ్చు పట్టట్లేదు."

నాకు అప్పటిదాకా క్లచ్చంటే ఏంటో తెలీదు. తిరుగు దారిలో ఆయన చెప్పాడు. ఇటు ఇంజను తిప్పే చక్రం, అటు బండి చక్రాలకి పోయే ఇరుసు. మధ్యలో ఒక పళ్ళెం లాంటి ప్లేటు. స్ప్రింగులు ఆ ప్లేటుని ఇంజను చక్రానికి అదిమి పెడతాయి. అదిమినంతసేపూ రెండూ కలిసి తిరుగుతాయి. కాలితో తొక్కితే స్ప్రింగులు వెనక్కి పోతాయి, పట్టు విడిపోతుంది. పాత ఇంజనుకి సరిపోయిన పట్టు కొత్త ఇంజనుకి చాలదు. నాకు మా స్విచ్చిబోర్డే గుర్తొచ్చింది. వైరు గుచ్చితే మాట కలుస్తుంది, లాగితే తెగుతుంది. కాకపోతే మా దగ్గర సగం గుచ్చడం ఉండదు. బాబాయి పనంతా ఆ సగంలోనే.

మర్నాడు రైసుమిల్లు ఫోన్లోంచి బెజవాడలో కారు సామాన్ల కొట్టుకి ట్రంక్ కాల్ బుక్ చేశాను. అటువైపు కొట్టాయన గొంతు కంగుమంది. బండి సంగతీ ఇంజను సంగతీ చెప్పేసరికే నాకు రెండు నిమిషాలు పోయాయి.

"చూడండమ్మా, మీకు మూడు దార్లు. ఒకటి, ఆ క్లచ్చుకే గట్టి స్ప్రింగులు వేసుకోండి. పట్టు పెరుగుద్ది, కాలికి పనీ పెరుగుద్ది. రెండోది, రాగి బిళ్ళలు బిగించిన ప్లేటు. ట్రాక్టర్లకి వేస్తారు. పట్టిందంటే పట్టిందే, ఇక వదలదు. మూడోది..."

"త్రీ మినిట్స్ ఓవర్. ఎక్స్‌టెండ్ చెయ్యనా?" అంది లైన్లో మా ఎక్స్‌ఛేంజి పిల్ల. నేను నోరు తెరిచేలోగా గరగరమని లైను తెగిపోయింది. రోజుకి ఎంతమంది మాటల్ని అలా మధ్యలో ఆపేదాన్నో నాకే తెలీదు. అవతలివాళ్ళకి ఎంత మండుతుందో అప్పుడు తెలిసింది.

మళ్ళీ బుక్ చేస్తానంటే మేస్త్రీ పడనివ్వలేదు.

"మూడోది ఎందుకు, మొదటిదే చాలు. లారీ స్ప్రింగులు నా డబ్బాలోనే ఉన్నాయి. రేపు సాయంత్రానికి బండి తోలుకుపోవచ్చు."

"రాగి బిళ్ళలది వేయండి. మెతకవి వేసి మళ్ళీ జారిందని ఏడవడం ఎందుకు?" అన్నాను నేను. వేస్తే అన్నిటికన్నా గట్టిదే వెయ్యాలని నా వాదన. నా వాదనలన్నీ అలాగే ఉంటాయి.

"కోడలు పిల్లా, నువ్వు ఫోన్లో మాట్లాడు. పానాలూ బోల్టులూ నాకొదిలెయ్."

ఇద్దరం అరుచుకున్నాం. బాబాయి మధ్యలో బీడీ వెలిగించుకున్నాడు. బాపట్లలో పెళ్ళి నాలుగు రోజుల్లోకి వచ్చేసింది. "స్ప్రింగులే కానీవోయ్," అన్నాడు. వేసేశారు.

బాపట్ల పెళ్ళికి నేనూ వెళ్ళాను, పిన్నికి పూల పనిలో సాయంగా. దారంతా ఎంత బాగుందో! చుండూరు రైల్వేగేటు దాటాక వంతెన ఒకటొచ్చింది. ఎవరూ దిగలేదు. పొన్నూరు దాటాక ముందు పోతున్న బస్సుని కూడా దాటేశాం. బస్సు కిటికీల్లోంచి జనం వంగి చూశారు. పిన్ని చెయ్యూపింది. బాబాయి ఏమీ అనలేదు గానీ హారను మాత్రం అవసరం లేని చోట కూడా కొట్టాడు. క్లచ్చు జారలేదు, వాసన రాలేదు. గేరు మార్చిన ప్రతిసారీ ఆయన పళ్ళు బిగించడం మాత్రం నాకు కనిపిస్తూనే ఉంది.

పొద్దు వాలుతుండగా ఊరేగింపు మొదలైంది. ముందు సీట్లో బాబాయి పక్కన నేనూ పిన్నీ. సన్నాయి అందుకుంది. బాబాయి కాలు సగానికి తెచ్చాడు. లారీ స్ప్రింగులు కదా, ఆ సగం దగ్గర కాలు నిలబెట్టడమంటే గోడని తోస్తూ నిలబడడమే. మొదటి వీధి మలుపు దాకా బాగానే పోయింది. తర్వాత ఆయన తొడ వణకడం మొదలైంది. పంచె మీంచి కూడా తెలుస్తోంది. ఎడంచెయ్యి స్టీరింగు మీంచి తీసి మోకాలి మీద పెట్టి అదిమాడు. పిన్ని చూసింది. నేనూ చూశాను. 

రెండో వీధిలో కాలు జారింది. కారు ఒక్క గెంతు గెంతి ఆగింది. వెనకాల పెళ్ళికూతురు "అమ్మా!" అంది. పెళ్ళికొడుకు నుదుటి బాసికం ముక్కు మీదికి దిగింది. డోలు వాయించే ఆయన వీపుకి బంపరు అంగుళం దూరంలో ఉంది. ఆయన వాయించడం ఆపి వెనక్కి తిరిగి, "ఏవండోయ్, నన్నెక్కించుకుంటారా ఏంటి?" అన్నాడు.

బాబాయి మళ్ళీ స్టార్ట్ చేశాడు. మళ్ళీ గెంతు. మూడోసారి ఇంజను ఆపేశాడు. ఆపేసి, స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చున్నాడు.

"ఏంటండీ డ్రైవరు గారూ, గుర్రం మొరాయించిందా?" పెళ్ళికొడుకు స్నేహితులు వెనకనించి.

"కొత్త ఇంజనంటగా! పొన్నూరు కాడ బస్సునే దాటించాడంట!"

"ఇంజను మంచిదేరా. మనోడి బరువే ఎక్కువ. విడిదింట్లో లడ్లు ఎవరు లెక్కపెట్టారు?"

"పదండ్రా, తోద్దాం. మనోడి పెళ్ళికి మనమే ఎడ్లం."

తోశారు. నవ్వుతూ, కేకలేస్తూ, గుడి మలుపు తిప్పి పెళ్ళివారింటి దాకా తోశారు. పెళ్ళివారు కూడా దాన్ని వేడుకలో భాగమే అనుకున్నారు. కారు అంత మెత్తగా ఎప్పుడూ పోలేదేమో. బాబాయి ఇంజను ఆపిన కారుకి స్టీరింగు తిప్పుతూ కూర్చున్నాడు. ఆయన మొహం వైపు చూడ్డానికి నాకు ధైర్యం లేకపోయింది. వెనక్కి తిరిగి ఆ కుర్రాళ్ళని నాలుగు తిట్టబోయాను. పిన్ని నా తొడ మీద గిల్లింది.

మర్నాడు పొద్దున్న తిరిగొస్తుంటే చుండూరు దగ్గర రైల్వేగేటు పడింది. పాసింజరు పోయేదాకా ఆగి, రోడ్డు పక్క కొట్లో టీ తెచ్చుకున్నాం.

"ఓ డ్రైవర్ని పెట్టుకుంటే పోద్దండీ," అంది పిన్ని, గ్లాసులోకి చూస్తూ.

"పెట్టుకుంటే నేనేం చెయ్యను? వెనకాల కూర్చుని అక్షింతలు వేయించుకోనా?"

పిన్నికి నవ్వొచ్చింది. ఆయనకి రాలేదు.

"ఈ ముహూర్తాలు అయ్యాక అమ్మేస్తానే. ఎవరి చేతో తోలించుకునేవాడికి కారెందుకు?" అన్నాడు. టీ గ్లాసు పక్కన పెట్టి, మాతో కాకుండా ఆ కారుతో చెబుతున్నట్టు అన్నాడు. "ఇంజను ఎంత జోరుగా పోద్దా అని చూశాం. ఎంత మెల్లగా పోనిస్తదా అని ఒక్కడూ చూళ్ళేదు."

గేటు లేచింది. ఆయన కుడిచేత్తో ఎడమ మోకాలు ఎత్తి, పాదాన్ని క్లచ్చు మీద పెట్టుకున్నాడు.

తెనాలి చేరగానే నేను ఇంటికి పోలేదు. షెడ్డు దగ్గరే దిగాను. మేస్త్రీని అంతకుముందు తిట్టినవన్నీ ఒక ఎత్తు, ఆ పూట తిట్టినవి ఒక ఎత్తు. ఆయన ఊరుకునే రకం కాదు.

"పట్టాలన్నారు, పట్టేట్టు చేశా! జారిందా? చెప్పు, జారిందా?"

"జారలేదు. బాబాయే జారాడు. ఆయన కాలు సంగతి మీకు తెలీదా? చిన్నప్పటినించీ బావా బావా అంటారుగా?"

"ఆ కాలు విరిగినప్పుడు పక్కనున్నది నేనే కోడలు పిల్లా. అవతలి జట్టులో," అన్నాడు.  చేతులు తుడుచుకుంటూ, "ఆ బెజవాడ ఆయన మూడోది ఏదో అన్నాడన్నావుగా. అదేంటో అడుగు," అన్నాడు.

అడిగాను. మిల్లు ఫోన్లోంచే, మేస్త్రీని పక్కన నిలబెట్టుకుని. ఈసారి ముందే చెప్పాను, ఆరు నిమిషాలకి తక్కువైతే ఎవర్నీ బతకనివ్వనని. మా ఎక్స్‌ఛేంజి పిల్ల "సరే తల్లీ" అంది.

"మూడోదా? మీకు నచ్చక ఫోను పెట్టేశారనుకున్నానమ్మా," అన్నాడు కొట్టాయన. "ప్లేటే పెద్దది వేసుకోవడం. తిరగలి పిడి మధ్యకి దగ్గరగా ఉంటే తిప్పడానికి ఎంత బలం కావాలి? అంచున ఉంటే? ఇదీ అంతే. ప్లేటు వెడల్పైతే పట్టు అంచుకి జరుగుద్ది. స్ప్రింగులు మెత్తవే ఉన్నా చాలు."

"కాలికి?"

"కాలికి పాతదాని లాగే ఉంటది. కాకపోతే పెద్ద ప్లేటు ఆనుకోడానికి పెద్ద చక్రం కావాలి. ప్లేటు నా దగ్గరుంది, మెత్త స్ప్రింగులున్నాయి. చక్రం లేదు. మీ ఇంజనుతో వచ్చిన చక్రం ఏమైంది?"

మేస్త్రీ వైపు చూశాను. "అది లేకుండానే కొన్నా. కారు పాత చక్రానికే బెజ్జాలేసి బిగించా," అన్నాడు.

కాబట్టి చక్రం వెతకాలి. ఆ రకం వ్యాను ఎక్కడైనా విప్పేసి పడుందా? మేస్త్రీ తనకి తెలిసిన షెడ్లన్నీ తిరిగాడు. నాకు తెలిసిన షెడ్లు లేవు. నాకు తెలిసింది ఊళ్ళ గొంతులు. మేం ఆపరేటర్లం ఒకరినొకరం పేరుతో పిలుచుకోం, ఊరుతోనే. కాల్స్ లేని కాస్త సందులో ఒక్కొక్కరినీ అడిగాను.

"గుంటూరూ, మీ వైపు పాత వ్యాను విప్పేసింది ఏదైనా ఉందా?"

"తెనాలీ, నీకేమైనా పిచ్చెక్కిందా?"

బాపట్ల అయితే పడీ పడీ నవ్వింది. ఊరేగింపు కారుని తోసిన సంగతి అప్పటికే ఊరంతా పాకిందట. "మా తమ్ముడూ తోశాడు. అది మీదా!" అంది. లైను లాగేశాను. మా సూపర్వైజరు వెనక నిలబడి వింటూనే ఉంది. "ఇది ఎక్స్‌ఛేంజా, మెకానిక్కు షెడ్డా అమ్మా?" అంది. ఇంకోసారి వింటే మెమో ఇస్తానంది. ఇవ్వండి అన్నాను. ఇవ్వలేదు.

రేపల్లె మాత్రం నవ్వలేదు. ఎందుకని అడిగింది. చెప్పాను, మోకాలితో సహా. "కనుక్కుంటా," అని కాల్ కలిపేసింది. రెండు రోజుల తర్వాత డ్యూటీలో కూర్చోగానే బోర్డు మీద వెలిగిన మొదటి లైటు ఆమెదే.

"తెనాలీ! మీ చక్రం దొరికింది. మా ఇంటి వెనకాల ఐసు ఫ్యాక్టరీ వాళ్ళది, చేపలు వేసే వ్యాను. మునగచెట్టు కింద పడుంది. లోపల మా కోళ్ళే కాపురం. రండి, మాట్లాడి ఉంచా."

ఆదివారం రేపల్లె పాసింజర్లో మేస్త్రీ, నేను. దారి పొడవునా దెబ్బలాడుకుంటూనే వెళ్ళాం, పెద్ద ప్లేటు ఆయన ఆలోచనా, బెజవాడ ఆయనదా అని. రేపల్లె ఆపరేటరు గొంతుని బట్టి సన్నగా పొడుగ్గా నా వయసు పిల్లని ఊహించుకున్నాను. మా అమ్మ వయసావిడ, కొంగు నడుముకి దోపుకుని గేటు దగ్గర నిలబడుంది. నన్ను చూసి బుగ్గలు నొక్కుకుంది.

"ఇంత పిల్లవా! ఫోన్లో ఏం దబాయిస్తావే తల్లీ! నీకో నలభై ఏళ్ళుంటాయనుకున్నా."

మేస్త్రీ వ్యాను కిందికి దూరాడు. పైన పొదుగుతున్న కోడి ఒకటి లేవనంది. దాన్ని గంప కింద మూసి పెట్టేదాకా పని ముందుకి సాగలేదు. చక్రం బయటికొచ్చేసరికి ఆయన మొహం నిండా నూనె, పైన ఈకలు. నిమిరి చూసి, అరచెయ్యి అలాగే దాని మీద ఉంచి, "అంచు పళ్ళు అరగలేదు కోడలు పిల్లా," అన్నాడు. గోనెసంచిలో కట్టి రైలెక్కించాం. ఇద్దరం చెరోవైపూ పట్టుకున్నాం.

"బరువుగా ఉంది మావయ్యా," అన్నాను.

"ఓహో. పనుంటే మావయ్యని, కోపమొస్తే మేస్త్రీ గారిని."

మెత్త స్ప్రింగులతో పాటు పెద్ద ప్లేటు బెజవాడ నుంచి బస్సులో వచ్చింది. దాని మధ్యలో పళ్ళు మా కారు ఇరుసుకి కుదరలేదు. మేస్త్రీ పాత ప్లేటు మధ్య ముక్క కోసి, పెద్దదాని మధ్య కూర్చోబెట్టి రివిట్లు కొట్టాడు. బిగించాక బాబాయిని ముందు ఎక్కనివ్వలేదు పిన్ని. చెప్పులు విప్పి తనే డ్రైవరు సీట్లో కూర్చుంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ సీట్లో కూర్చోవడం అదే మొదలు. చీర సర్దుకుని ఎడంకాలితో తొక్కింది. సగం దగ్గర ఆపింది. మేం ముగ్గురం చూస్తూ నిలబడ్డాం. ఆమె కదలదే. మిల్లు వాళ్ళ లారీ వచ్చి, దారివ్వమని హారను కొట్టి, పక్కనుంచి పోయింది.

"ఇదేదో బానే ఉందండీ. ఇట్టా కూర్చుని పూలు కూడా కట్టొచ్చు," అంది.

మళ్ళీ బస్తాలు వేసుకుని అదే వంతెనకి పోయాం. బాబాయి పై గేరులోనే ఎక్కించాడు. సగం ఎక్కాక ఇంజను గొంతు కాస్త లేచింది, కాస్తే. కాస్త వాసన కూడా. వెనక్కి వచ్చి, గేరు తగ్గించి మళ్ళీ ఎక్కించాడు. ఈసారి చక్కగా పట్టుకుని పైకి లాగేసింది.

మేస్త్రీ డబ్బా తెరిచేశాడు. "చూశావా బావా? ఆ మెత్తవాటి మధ్య రెండే రెండు లారీ స్ప్రింగులు కలిపేద్దాం. పై గేరులో కూడా లాగేసుద్ది."

నాకూ అదే అనిపించింది. ఇంత ఇంజను పెట్టుకుని, ఇంత తిరిగి, వంతెన దగ్గర గేరు తగ్గించడమేంటి? "కలిపెయ్యండి మావయ్యా," అన్నాను. ఆ ఒక్క విషయంలో ఇద్దరం ఒకటయ్యాం.

బాబాయి కారు దిగలేదు. క్లచ్చు తొక్కుతూ వదులుతూ కూర్చున్నాడు. కాలి కింద ఏదో వింటున్నట్టు తల కాస్త పక్కకి వంచాడు.

"వద్దులేవోయ్. వంతెన కాడ గేరు మార్చుకుంటా. మోకాలు మార్చుకోలేనుగా."

మేస్త్రీ డబ్బా మూసేశాడు. నేను దాన్ని వెనకాల బస్తాల పక్కన పెట్టి ఎక్కి కూర్చున్నాను. 

తర్వాత వచ్చిన పెళ్ళి రేపల్లెలో. డ్యూటీ మార్పించుకుని మరీ వెళ్ళాను. దారిలో ప్రతి వంతెన దగ్గరా బాబాయి గేరు తగ్గించాడు, మేం పైకి పోయాం, ఎవరూ దిగలేదు. పెళ్ళివారి వీధి మొదట్లో సన్నాయి ఎదురొచ్చింది. అక్కడినుంచి మొదలు. నా కళ్ళు ఊరేగింపు మీద లేవు, ఆయన తొడ మీదే ఉన్నాయి. ఒక మలుపు దాటాం. ఇంకోటి దాటాం. వణుకు లేదు. ఎడంచెయ్యి స్టీరింగు మీదే ఉంది. సన్నాయాయన ఒక అరుగు ముందు ఆగి, కళ్ళు మూసుకుని ఎంతకీ కదల్లేదు. కారు అంగుళం అంగుళం ఆయన వెనకాలే పాకి, తగలకుండా ఆగి, మళ్ళీ పాకింది.

ఒక పెద్దావిడ హారతి పళ్ళెంతో ఇంట్లోంచి హడావిడిగా వచ్చింది. కర్పూరం ఆరిపోతుందేమోనని చెయ్యి అడ్డం పెట్టుకుని కారు పక్కనే నడుస్తోంది.

"కాస్త ఆపు నాయనా! పిల్లలకి దిష్టి తియ్యాలి!"

"ఆపక్కర్లేదు పెద్దమ్మా," అన్నాడు బాబాయి, మెడ తిప్పకుండానే. "నువ్వు నడుస్తూ తిప్పు. నేను నీతోపాటే వస్తా."

ఆవిడ తిప్పుతూ నడిచింది. కారు ఆవిడ పక్కనే, ఆవిడ అడుగులోనే వెళ్ళింది. కర్పూరం ఆరలేదు.